ఇనుముకు పేరుంది

మా ఇంట్లో గడియారం లేదు. కుర్చీ లేదు. అద్దం ఒకటి ఉండేది, అదీ పగిలిందే. కానీ ఇరవై కిలోలకు తక్కువ కాని ఒక ఇనుప వైసు మాత్రం ఉండేది. ఆదోని మాదిగ గేరిలో, మా నులక మంచం కింద, గోనెపట్ట కప్పుకొని, తుప్పు పట్టి పడి ఉండేది.

వైసంటే తెలియని వాళ్లకు చెప్తా. ఇనుప పని చేసేచోట బల్లకు బిగించి ఉంటుంది. దానికి రెండు దవడలు. ఒకటి కదలదు. ఇంకొకటి మర తిప్పితే ముందుకూ వెనక్కూ పోతుంది. ఆ రెండింటి నడుమ ఏ ముక్కను పెట్టి బిగించినా ఇంక కదలదు. అప్పుడు పనివాని రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఆకురాయితో రాకొచ్చు, రంపంతో కోయొచ్చు, ఉలి పెట్టి కొట్టొచ్చు. వైసు పనివానికి మూడో చెయ్యి.

మా వైసు దవడలు తెరుచుకునేవి కావు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ దాని పిడి పట్టుకొని వేలాడినా కదిలేది కాదు. దానిమీద గుర్రమెక్కినట్లు కూర్చొని ఆడుకునేవాళ్లం. అమ్మ కసురుకునేది. నాయన చూసీ చూడనట్లు బయటికి పోయేవాడు. గేరిలో పెద్దవాళ్లకు మాత్రం దానిమీద ఒక మాట ఉండేది. "అది మిల్లులోనుంచి ఎత్తుకొచ్చిన సామాను."

ఈ వ్యాసం ఆ మాట గురించే. ఆ వైసు ఎక్కడిది, ఎప్పటిది, మా మంచం కిందికి ఎట్ల వచ్చింది అని నేను వెదుక్కుంటూ పోయిన దారి గురించి. చరిత్ర అంటే కోటలూ రాజులూ అనుకునేవాళ్లకు ఆదోని కొండమీద కోట ఉండనే ఉంది. ఎక్కి చూసుకోవచ్చు. నాకు మంచం కింద చరిత్రే చాలా ఉంది.

నేను మూడో తరగతి చదివేటప్పుడు, 1996లో, సారు రిజిస్టరు ముందేసుకొని ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నాడు.

"మీ నాయన ఏం చేస్తాడ్రా?"

"ఫిట్టరు సార్, జిన్నింగు మిల్లులో."

ఆయన పెన్ను ఆపినాడు. "మీవాళ్లల్లో ఫిట్టరు యాడుండాడ్రా? ఊడ్చే పనేమో, సక్కంగా అడిగి రాపో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినాను. నవ్వకపోతే ఏడుపొచ్చేటట్లుంది.

సాయంత్రం నాయనను అడిగినాను. బీడీ ఆరిపోయేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కూలి అని సెప్పు నాయనా. కూలి అంటే ఎవురూ ఎదురు అడగరు."

రిజిస్టరులో తండ్రి వృత్తి 'కూలి' అని పడింది. పదో తరగతి దాకా ఆ రెండక్షరాలు నా వెంట నడిచినాయి.

నాయన ఫిట్టరు ఎట్లయినాడో తెలియాలంటే మా జేజినాయన దగ్గరికి పోవాలి. ఆయన కరువుకు పల్లె వదిలి ఆదోనికి వచ్చినాడు. అప్పుడు ఆదోని మద్రాసు రాష్ట్రంలో, బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసినాయి. ఇది నల్లరేగడి నేల. పత్తి పండే నేల. ఇక్కడి పత్తికి బయటి బజారులో 'వెస్టరన్స్' అని పేరు. బొంబాయి నుంచి వచ్చే జి.ఐ.పి. రైలు మార్గమూ, మద్రాసు నుంచి వచ్చే మార్గమూ 1871లో రాయచూరు దగ్గర కలిసినాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది. పత్తి ఉండి, రైలు ఉంటే జిన్నింగు మిల్లులూ ప్రెస్సులూ రాకుండా ఉంటాయా? వచ్చినాయి. ఆదోనిని రెండో బొంబాయి అన్నారు. ఆ రెండో బొంబాయిలో మా గేరికి మాత్రం కొళాయి రాలేదు.

పత్తిలో గింజను వేరుచేసే రోలరు జిన్ను ఎట్ల పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. ఎందుకంటే మా కథ అందులోనే ఉంది. 1840లో అమెరికాలో మెకార్తీ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి అది. తర్వాత ఇంగ్లండులో ఓల్డుహాం ఊళ్లోని ప్లాట్ బ్రదర్స్ లాంటి కంపెనీలు ఆ యంత్రాలు చేసి మన దేశానికి పంపినాయి. తిరిగే రోలరు ఒకటి. దాన్ని ఆనుకొని కదలని కత్తి ఒకటి. కిందికీ మీదికీ ఆడే కత్తి ఇంకొకటి. రోలరు దూది పోగును పట్టి లోపలికి గుంజుకుంటుంది. గింజ కత్తి దగ్గర ఆగిపోతుంది. ఆడే కత్తి దాన్ని కొట్టి రాలగొడుతుంది. మరి రోలరు పోగును పట్టుకోవాలంటే దానికి గరుకు ఉండాలి. ఆ గరుకు దేనిది?

తోలుది. రోలరు మీద ఉండేదంతా తోలే. తోలును బిళ్లలుగా కోసి, ఇరుసుకు గుచ్చి, అదిమి బిగించి, పైన గాట్లు కొడతారు. అరిగితే మళ్లీ గాట్లు కొట్టాలి. పూర్తిగా అరిగితే మళ్లీ కొత్త తోలు వేయాలి.

ఇప్పుడు ఆలోచించండి. తోలు పని చేస్తారని మమ్మల్ని ఊరి బయట పెట్టినవాళ్లు, మా నీడ పడితే తలకు పోసుకున్నవాళ్లు, తోలు రోలరు పట్టి గుంజిన దూదితో వడికిన నూలు, ఆ నూలుతో నేసిన పంచె కట్టుకొని మడి అన్నారు. ఆ పంచెలో ప్రతి పోగూ తోలును ముట్టుకొని వచ్చిందే. మడి ఎక్కడుంది?

మిల్లు వర్కుషాపులో ఫిట్టర్లు వేరే కులాలవాళ్లు. ఇనుము ముట్టుకుంటారు, తోలు ముట్టుకోరు. అందుకని మా జేజినాయనను పిలిచినారు. ఆరె, రంపె పట్టిన చెయ్యి కదా, తోలు బిళ్ల కోస్తే గీత గీసినట్లు వచ్చేదంట. ఆ తోలు వల్లనే మాకు వర్కుషాపు తలుపు తెరుచుకుంది. అదే తోలు వల్ల ఆ తలుపు లోపలున్న కుండలో నీళ్లు మాకు లేకుండా పోయినాయి. దోసిలి పట్టాల్సిందే, పైనుంచి పోయాల్సిందే.

ఇది మా మిల్లు కథే కాదు. అసలు బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలోకి దళితులను రానిచ్చేవాళ్లు కాదు. నాడెలో కండె మార్చేటప్పుడు పోగును నోటితో పీల్చాలి. మా ఎంగిలి తగిలిన నాడె వాళ్లు ముట్టుకోరు. నేత ఖాతాలో కూలి ఎక్కువ. ఆ ఎక్కువ కూలి ఎంగిలి పేరుతో మావాళ్లకు అందకుండా పోయింది. 1938 ఫిబ్రవరిలో మన్మాడులో జరిగిన జి.ఐ.పి. రైల్వే దళిత కార్మికుల సభలో అంబేడ్కర్ ఇదే సంగతి మాట్లాడినాడు. రైల్వేలో మావాళ్లు ఎన్నేండ్లు చేసినా గ్యాంగ్‌మెన్‌గానే మిగిలిపోతున్నారనీ, వర్కుషాపుల్లో మెకానిక్ పనులు అందనీయడం లేదనీ చెప్పినాడు. అది చదివినప్పుడు ఆయన మా నాయన గురించే మాట్లాడినట్లు అనిపించింది. నాయన అప్పటికి పుట్టనే లేదు.

నాయన పదహైదేండ్లకే జేజినాయన వెంట మిల్లుకు పోయినాడు. తోలు పని ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఇనుప పని చూసి నేర్చుకున్నాడు. చెప్పేవాళ్లు లేరు. మధ్యాహ్నం మేస్త్రీ తిని కునుకు తీసేటప్పుడు పారేసిన ఇనుప ముక్కను వైసులో పట్టించి ఆకురాయి ఆడించేవాడంట. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే బరువు వేయాలి, వెనక్కి తీసేటప్పుడు తేల్చాలి. ఇది ఐ.టి.ఐ.లో ఫిట్టరు ట్రేడు పిల్లలకు మొదటి నెలలో చెప్తారు. నాయనకు ఎవరూ చెప్పలేదు. పళ్లు పోయిన ఆకురాళ్లు చెప్పినాయి.

కొన్నేండ్లకు కత్తులు సాపు చేయడం, అరిగిన బోల్టు చోట కొత్తది రాకి కూర్చోబెట్టడం, రోలరుకూ కత్తికీ సందు సరిచూడడం, అన్నీ నాయనే చేసేవాడు. మేస్త్రీ చూసి సరే అనేవాడు. హాజరు పుస్తకంలో మాత్రం నాయన పేరు ఎదురుగా 'స్వీపరు' అని ఉండేది. పని ఫిట్టరుది, జీతం స్వీపరుది. 1925లో వచ్చిన కాటన్ జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రెస్సులో కట్టిన ప్రతి బేలు మీదా ప్రెస్సు గుర్తూ వరుస నంబరూ వేయాలి. ఏ బేలు ఏ ప్రెస్సుదో తెలియాలి కదా. దూది మూటకు గుర్తు వేయకపోతే చట్టం ఒప్పుకోదు. ముప్పై ఏండ్లు పనిచేసిన మనిషిని వేరే పేరుతో రాసుకుంటే మాత్రం అడిగే దిక్కు లేదు.

1997లో ఆ మిల్లు మూతపడింది. సామాన్ల లెక్క తీసినారు. ఒక వైసు తగ్గింది అన్నారు. అప్పటికి వైసు మా ఇంట్లో ఉంది. ఒక పోలీసు వచ్చినాడు. నాయన చేతులు కట్టుకొని నిలబడినాడు. గోనెపట్ట ఎత్తి చూసినారు. గేరి అంతా మా వాకిట్లో ఉంది. నాయన ఏదో చెప్తున్నాడు, ఎవరూ వినడం లేదు. నాకు తొమ్మిదేండ్లు. అమ్మ కొంగు పట్టుకొని చూసినాను. మూడు దినాలు నాయన పొద్దున పోయి రాత్రికి వచ్చేవాడు. మూడో దినం గుమాస్తా ఎవరో, "పాత సామాను, పోనీ లేప్పా" అన్నాడంట. అంతే. ఇచ్చినామనీ చెప్పలేదు, ఎత్తుకుపోయినాడనీ చెప్పలేదు. ఆ 'పోనీ లేప్పా' అనే మాటతో నాయన దొంగగా మిగిలిపోయినాడు. ఆ తర్వాత ఆయన ఆ వైసును ముట్టుకోలేదు. మార్కెట్ యార్డులో మూటలు మోసినాడు. రిజిస్టరులో రాయించిన మాట నిజమయింది. కూలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నేనూ నమ్మినాను. గేరి అన్నదే నిజమనుకున్నాను. డిగ్రీ చదివేటప్పుడు ఇంటికి వచ్చిన ఒక స్నేహితుడు మంచం కింద చూసి అదేందని అడిగితే, "మా నాయన మిల్లుకు పెట్టిన టోపీ" అని నవ్వుతూ చెప్పినాను. పక్క గదిలో నాయన దగ్గు వినిపించింది. విన్నాడో లేదో. 2017లో ఆయన పోయినాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

డి.ఎస్.సి. రాసి సర్కారు టీచరునైనాక నేను ఎమ్మిగనూరులో ఇల్లు తీసుకున్నాను. ఆదోనికి ముప్పై కిలోమీటర్ల దూరం. ఇది నేతగాళ్ల ఊరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి దేశమంతా పేరు తెచ్చింది. 2023 ఎండాకాలం సెలవుల్లో తమ్ముడు ఫోను చేసినాడు. "అన్నా, ఇల్లు పడగొట్టి కడతాండాం. ఆ వైసు గుజిరి వానికి ఏసేదా?"

వెయ్యమని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగినాను. ఆటోలో తెచ్చి మా వాకిట్లో దించుకున్నాను.

మొదట పొడి ఇనుప బ్రష్షుతో రుద్దినాను. పొరలు పొరలుగా లేచింది. తర్వాత కిరసనాయిలు గుడ్డతో తుడిచినాను. కదలని దవడ పక్కన ఉబ్బెత్తు అక్షరాలు కనపడినాయి. ఇంగ్లీషులో 'రికార్డు' అని ఉంది. 5 అని అంకె ఉంది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంది. స్కేలు పెట్టి కొలిచినాను. దవడల వెడల్పు సరిగ్గా ఐదంగుళాలు.

ఇనుము మీద పేరుంటే దాని పుట్టుక వెదుక్కోవడం కష్టం కాదు. సి. అండ్ జె. హాంప్టన్ అనే కంపెనీ 1898లో ఇంగ్లండులోని షెఫీల్డులో మొదలయింది. 'రికార్డు' అనేది దాని సరుకు పేరు. షెఫీల్డు ఉక్కుకూ, కత్తులకూ, పనిముట్లకూ పేరుమోసిన ఊరు. ఆ కంపెనీ పనిముట్లకు నీలం రంగు గుర్తు. మా వైసు మీద పైన మిల్లువాళ్లు పూసిన బూడిద రంగు, దాని కింద ఎర్ర ఆక్సైడు, అన్నిటికీ అడుగున గోరంత నీలం మిగిలి ఉంది. నీలం మాకు కొత్త కాదు. ఆ గోరంత రంగును చాలాసేపు చూసినాను.

పిడి తిరగలేదు. బలవంతం చేయకూడదని అప్పటికి తెలుసుకున్నాను. వైసు ఒళ్లు పోత ఇనుము. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పిడికి పొడుగు పైపు తొడిగి తిప్పితే బలం పెరుగుతుంది, దాంతోపాటే వైసు ప్రాణం పోతుంది. కిరసనాయిలూ ఇంజను ఆయిలూ కలిపి రోజూ సాయంత్రం మర సందుల్లో పోసినాను. కొయ్య సుత్తెతో మెల్లగా తట్టినాను. పదకొండు రోజులు కదల్లేదు. పన్నెండో రోజు కిర్రుమని జొన్నగింజంత తిరిగింది. మా అమ్మ ఇంట్లోనుంచి పరుగెత్తుకొచ్చింది. "మీ నాయన తిప్పినట్లే సప్పుడొచ్చింది" అనింది.

మర పూర్తిగా వెనక్కి తిప్పి కదిలే దవడను బయటికి లాగినాను. లోపల నట్టు, మరకడ్డీ బాగానే ఉన్నాయి. పాత గ్రీజు గట్టిపడి వాటిని కాపాడింది. పై తుప్పుకు నేను పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పే పాఠమే వాడినాను. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, అందులో చాకలి సోడా. వైసు ముక్కను బ్యాటరీ చార్జరు రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప కడ్డీని ధన ధ్రువానికి కట్టాలి. తారుమారైతే వైసే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ పెట్టకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందుకని ఆరుబయటే పెట్టినాను. రాత్రంతా బుడగలొచ్చినాయి. తెల్లారి తుప్పు నల్లటి బురద మాదిరి చేతికి ఊడొచ్చింది. మరమేకులను, చిన్న ముక్కలను చింతపండు రసంలో నానేసినాను. అవ్వలు ఇత్తడి చెంబుకు చేసే పనే ఇది. చింతపండులో పులుపు తుప్పునూ తింటుంది.

దవడలకు పళ్లున్న ఉక్కు పలకలుంటాయి. ఒక్కోదానికి రెండు మరమేకులు. అందులో ఒకటి విరిగిపోయింది. ఎమ్మిగనూరు బజారంతా తిరిగినాను. తెచ్చిన ప్రతి మేకూ రెండు చుట్లు పడుతుంది, మూడో చుట్టుకు పట్టేస్తుంది. తర్వాత తెలిసింది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మరలకు ఒక కొలత ఏర్పరిచినాడు. ఆ మర పళ్ల కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు అంగట్లో దొరికే మెట్రిక్ మరకు 60 డిగ్రీలు. కంటికి రెండూ ఒకటే మాదిరి, ఒకదాంట్లో ఒకటి దూరవు. మన దేశం మెట్రిక్ కొలతలకు మళ్లింది 1956 చట్టం తర్వాతనే. 1957 నాటికి విదేశీ మారకం కరువై దిగుమతులు బిగించినారు. ఆ తర్వాత మన మిల్లులకు లూధియానా, జలంధర్, బటాలా సరుకే దిక్కయింది. కాబట్టి ఈ వైసు అంతకు ముందరే రైలెక్కి ఆదోనిలో దిగి ఉండాలి. అంటే మా జేజినాయన చూసిన వైసే ఇది.

ఇంగ్లండులో ఒక ఊరు, ఒక కంపెనీ, అది మొదలైన సంవత్సరం, మరకు కోణం కనిపెట్టినాయన పేరు, అన్నీ దొరికినాయి. దానిమీద ముప్పై ఏండ్లు పనిచేసిన మనిషి సంగతి వెదకడానికి ఆదోనికి పోతే, మిల్లు ఉన్నచోట ప్లాట్లు వేసినారు. హాజరు పుస్తకాలు ఏ చెదలు తిన్నాయో. దొరికినా అందులో స్వీపరనే ఉంటుంది.

తుప్పంతా పోయినాక ఇంకొకటి బయటపడింది. కదిలే దవడ మెడ దగ్గర, వేలు పొడుగున, పసుపు పచ్చని గీత. గోటితో గీకినాను. ఇత్తడి. వైసు ఒకప్పుడు పగిలింది. ఎవరో అతికినారు.

విరిగిన మేకు కోసం నన్ను ఒక లేత్ షాపుకు పొమ్మన్నారు. షాపు కొడుకుది. తండ్రి పెద్దాయన, ముస్లిం, డెబ్బై దాటింది. బయట కుర్చీలో కూర్చొని ఉంటాడు. ఒకప్పుడు ఆదోనిలో ఆయనకే గ్యాసు వెల్డింగు అంగడి ఉండేదంట. సంచిలోనుంచి దవడ తీసి చూపించినాను. ఆయన మేకు సంగతి పట్టించుకోలేదు. ఇత్తడి గీత మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసినాడు.

"ఇది నీకెక్కడిది సారూ?"

"మా నాయనది."

"మీ నాయన జిన్నులో పనిచేసినాడా? తోలు రోలర్ల దగ్గర?"

ఔనన్నాను. ఆయన కండ్లద్దాలు తీసినాడు. 'సారూ' పోయి 'బిడ్డా' వచ్చింది.

"ఇది మీ నాయన పని బిడ్డా. నా అంగట్లోనే చేసినాడు. ఎవడో పిడికి పైపు తొడిగి తిప్పినాడు, మెడ పగిలింది. మిల్లోళ్లు కొత్తది కొని దీన్ని చెత్తలో పారేసినారు. మీ నాయన గుమాస్తాను అడిగినాడు. ఊరికే ఇయ్యలేదప్పా. పదహైదు దినాల కూలి పట్టుకున్నారు దీనికి. ఆ నెల నా దగ్గరే అప్పు తీసుకున్నాడు. రసీదు ఇయ్యమంటే నవ్వినారంట, నీకు రసీదేందని."

అతుకు ఎట్ల వేసినారో కూడా చెప్పినాడు. పోత ఇనుమును చల్లగా ఉన్నప్పుడు అతికితే పక్కన మళ్లీ పగులుతుంది. అందుకని ముందు పగులు పొడుగునా ఆకురాయితో గాడి తీసినాడంట నాయన. బొగ్గుల్లో పెట్టి మెల్లగా కాచి, మసక ఎరుపు రాగానే వెలిగారం చల్లి, గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి పోసినారు. ఆనెక వెంటనే గాలి తగలకుండా వేడి బూడిదలో పూడ్చిపెట్టినారు. తెల్లారేదాకా ఇద్దరూ దాని పక్కనే పండుకున్నారు.

"మంట నాది, చెయ్యి ఆయనది. అట్లాంటి ఫిట్టరు ఆదోనిలో ఇద్దరో ముగ్గురో" అన్నాడు పెద్దాయన.

ఫిట్టరు. ఆ మాట నాయన గురించి వేరే మనిషి నోట వినడం అదే మొదటిసారి. నేను మూడో తరగతిలో చెప్పిందే. అక్కడ నవ్వినారు. నేను షాపు బయటికి వచ్చి బండి పట్టుకొని నిలబడినాను. కదల్లేకపోయినాను. నాయన కొనుక్కున్న వస్తువును దొంగసొత్తు అన్నది గేరి ఒక్కటే కాదు కదా. డిగ్రీ చదివిన కొడుకు కూడా అన్నాడు కదా. ఆయన దగ్గర కాగితం లేదు, అంతే. కాగితం ఉన్నోళ్ల మాటే చరిత్ర అని మాకు చదువు నేర్పింది. నేను ఆ చదువే చదువుకున్నాను. ఆయన చెప్పి చెప్పి అలిసిపోయినాక పుట్టిన మౌనాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను.

పెద్దాయన కొడుకు పాత మర కొలతకు మేకు కోసిచ్చినాడు. డబ్బులు తీసుకోలేదు. అమ్మకు జరిగిందంతా చెప్పినాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు తెల్దా? గాజులు కుదువ పెట్టి ఆ అప్పు కట్టింది నేనే కదా. నువ్వు అడిగితివా?" అనింది.

అడగలేదు. చరిత్ర మీద ఇన్ని పుస్తకాలు చదివినాను, ఇంట్లో ఉన్న మనిషిని అడగలేదు.

వైసుకు ఎర్ర ఆక్సైడు పూసి, ఆరినాక నీలం వేసినాను. దవడ పలకలకు రంగు వేయకూడదు, వేయలేదు. మరకడ్డీకి గ్రీజు పట్టించినాను. ఇత్తడి గీత మీద రంగు పడకుండా కాగితం అంటించి, తర్వాత పీకేసినాను. వైసు చూసినవాళ్లకు ముందు ఆ గీతే కనపడాలి. అది పగిలిన గుర్తు, అతికిన గుర్తు. ఒక విధంగా అదే రసీదు.

అక్షరాల పంచీలు తెచ్చి నాయన పేరు కూడా కొడదామనుకున్నాను. రికార్డు అని ఒకవైపు ఉంటే, నాయన పేరు ఇంకోవైపు. అమ్మ ఒప్పుకోలేదు. ఆమె నాయన పేరు ఎప్పుడూ పలకలేదు, అది మా ఆడవాళ్ల అలవాటు. కానీ వద్దన్నది అందుకు కాదు.

"కొట్టొద్దు. రేపు ఎవురన్నా సూసి, ఈ పేరు వాడే ఎత్తుకొచ్చినాడంటారు. పేరు తెలీకుంటేనే ఇంత అన్నారు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. పంచీలు పక్కన పెట్టినాను.

ఇప్పుడు ఆ వైసు మా వాకిట్లో తుమ్మ దిమ్మ మీద బిగించి ఉంది. సాయంత్రం మా బడి పిల్లలు కొందరు వస్తారు. అన్ని గేరుల పిల్లలూ వస్తారు. ముందుకు తోసేటప్పుడు బరువు వేయాలి, వెనక్కి తీసేటప్పుడు తేల్చాలి అని చెప్తాను. ఇది నాకెవరు చెప్పినారని ఒక పిల్లోడు అడిగినాడు. మా నాయన అని చెప్పినాను. అది అబద్ధం. ఆయన నాకు నేర్పలేదు, నేను నేర్చుకోలేదు. పెద్దాయన దగ్గర విన్నదీ పుస్తకంలో చదివిందీ చెప్తున్నాను. కానీ ఆ వైసులో ముక్క బిగించినప్పుడు పిడి మీద నాయన చేతుల అరుగుదల నా అరచేతికి తగులుతుంది.

ఈ పుస్తకం కోసం రచయితల వివరాలు పంపమని ఒక కాగితం ఇచ్చినారు. ఊరు, చదువు, ఉద్యోగం, తల్లిదండ్రులు. తండ్రి వృత్తి అన్నచోట పెన్ను ఆగింది. మూడో తరగతి సారు పెన్ను ఆగినట్లే. తర్వాత రాసినాను.

ఫిట్టరు.